రాత్రి మంచు బొమ్మలు: ఆకాశం షేడ్‌లో చారలు

రేచీకటి: జపాన్ చిత్రకారుడు హిరోషిగే చెక్క అచ్చు బొమ్మ 'కంబారా' (మంచు రాత్రిలో ఒక ఊరు) నమూనాగా రాత్రి మంచు బొమ్మ పలకల మీద చెక్కుతున్నా. ఆకాశం బొకాషిలో (ముదురు నుంచి లేతకి జారే షేడ్) చారలు పడుతున్నాయి, మంచు చుక్కలు పూడుకుపోతున్నాయి. కాగితం ఏది మేలు?

ఉలిపిట్ట: పలక ఎండితే చారలు పడతాయి. ముందు తడిగుడ్డతో తుడవండి. రంగూ బియ్యపు జిగురూ కుంచెకి ఒక మూలకే పెట్టి అంచు వెంబడి అడ్డంగా లాగండి. జిగురు తగ్గితే నువ్వులు చల్లినట్టు మచ్చలొస్తాయి. చిక్కటి నలుపు ఒక్కసారికే రాదు, పల్చగా రెండు మూడుసార్లు వెయ్యాలి.

మసిబొగ్గు: కంబారాలో ఆకాశపు నలుపు పైనున్న అచ్చులూ ఉన్నాయి, కిందున్నవీ ఉన్నాయి. పైనున్నదే అందం.

తెల్లకొండ: అందమేంటండీ! నలుపు కిందుంటేనే కొండా ఇళ్ల కప్పులూ తెల్లగా ఎగిసి కనిపిస్తాయి.

మసిబొగ్గు: ఫోన్‌లో బొమ్మ చూసి తీర్పులా?

ఉలిపిట్ట: ఇద్దరూ కాస్త ఆగండి. నలుపుని పైకో కిందికో మార్చడానికి కొత్త పలక అక్కర్లేదు, తుడుపు దిశ మారిస్తే చాలు. అది చెక్కేవాడి పని కాదు, అచ్చేసేవాడి పని.

దక్షిణగాలి: అసలు కంబారాలో అంత మంచెక్కడిది? ఆ ఊరున్న షిజువోకా తీరం వెచ్చన. అదంతా హిరోషిగే ఊహే అంటారు.

తెల్లకొండ: ఇది తెలియనిదెవరికి?

కెంటో: చుక్కల సంగతి అందరూ వదిలేశారు. చుక్క తెల్లగా రావాలంటే అక్కడ పడే ప్రతి రంగు పలకలోనూ గుంట తియ్యాలి. లేతరంగు పలకలో గుంట అర మిల్లీమీటరు పెద్దది, నలుపు పలకలో కచ్చితమైన కొలత. అప్పుడు కాస్త జరిగినా చుక్క పూడదు. కాగితం మధ్యలో ఎండితే ముడుచుకుంటుంది, కెంటో గుర్తు (కాగితాన్ని ప్రతి పలకమీదా ఒకే చోట ఆనించే గాటు) ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు. అన్ని రంగులూ అయ్యేదాకా తడి అట్టల మధ్యే ఉంచండి. గుంటలో నిలిచిన రంగుని పుల్లతో తీసెయ్యండి.

మసిబొగ్గు: ఇంత తిప్పలెందుకు, చివర్లో గోఫున్ (గవ్వల పొడితో చేసే తెల్లరంగు) చిలకరిస్తే పోలా?

కెంటో: గవ్వల తెలుపులో జిగురు తగ్గితే పొడిలా రాలుతుంది, ఎక్కువైతే పెచ్చులూడుతుంది. పైగా చుక్క దానికి నచ్చినచోట పడుతుంది.

రేచీకటి: మరి కాగితం?

దక్షిణగాలి: చలికాలం రాత్రంటే హిరోషిగేదే 1857 నాటి ఓజి నక్కల బొమ్మ చూడండి. మంచు లేకుండానే చలేస్తుంది.

ఉలిపిట్ట: కోజో (కాగితపు మల్బరీ) నారతో చేసి దోసా పూసిన కాగితం తీసుకోండి. ఆ పటిక-జిగురు పూత లేకపోతే రంగు పాకుతుంది. పటిక ఎక్కువైతే మాత్రం కాగితం కొన్నేళ్లకి పెళుసెక్కుతుంది.