సమస్యాపూరణం: తన్న లేచి నవ్వెఁ దాత మురిసి

ఆటవెలది నాలుగవ పాదంగా ఈ సమస్యను ఇవ్వడానికి కారణం మా నాన్నగారి జావా. విజయవాడ పటమటలో, మా పెరటి రేకుల షెడ్డులో ఎన్నో ఏళ్లు గోనెపట్టాల కింద పడి ఉన్న ఆ బండి మొన్న ఆటోనగర్ మెకానిక్కు చేతిలో మళ్లీ మ్రోగింది. తాతను తన్నడమనే అనౌచిత్యాన్ని ఎవరు ఎలా పరిహరిస్తారోనని ఆసక్తితో ఎదురుచూశాను.

గుణదల సభ్యులొకరి పూరణ:

ఏండ్లు మూలనున్న యెజ్డీనిఁ దెప్పించి
చిలుము కడిగి, జెట్ల చిక్కు దీర్చి,
ప్లగ్గు మార్చి, నూనె పరిమితిఁ జేరిచి
తన్న లేచి నవ్వెఁ దాత మురిసి.

నా అభిప్రాయం: బండినే తాతగా భావించడం సముచితంగా ఉంది. మైసూరు కర్మాగారంలో 1961లో జావాతో మొదలై, తరువాత యెజ్డీ పేరుతో సాగిన ఈ బండ్ల ఉత్పత్తి 1996లో ఆగిపోయింది కనుక, వాటిలో చిన్నదానిని కూడా తాత అని పిలవవచ్చు. మూడవ పాదంలోని నూనె నాకు ఎంతో నచ్చింది. టూస్ట్రోక్ బండికి పెట్రోలులో నూనెను కొలతగా కలపాలి. అంతేకాక, చాలాకాలం కదలని ఇంజనులో పిస్టను రింగులు సిలిండరుకు పట్టుకుపోయి ఉండవచ్చు గనుక, తన్నడానికి ముందే ప్లగ్గు రంధ్రంలో కాస్త నూనె పోసి, మెల్లగా తిప్పి చూడాలి. ఈ రెండు పనులూ ఒక్క మాటలో ఇమిడాయి. అయితే చిలుము రాగికీ ఇత్తడికీ పట్టేది. ఇనుప ట్యాంకుకు పట్టేది తుప్పు. కార్బురేటరులో పెట్రోలు పారే సన్నని జెట్లు ఇత్తడివే అయినా వాటి రంధ్రాలను మూసేది చిలుము కాదు, పెట్రోలు ఆవిరైపోయాక మిగిలే జిగురు. "తుప్పు కడిగి, జెట్ల తూట్లు తెఱచి" అని సవరిస్తే యతి చెడదు, వస్తువూ నిజమవుతుంది.

కవిగారి సమాధానం: సవరణను సంతోషంగా స్వీకరిస్తున్నాను. చిక్కు కోసం చిలుమును తెచ్చుకున్న మాట వాస్తవం.

గుంటూరు బ్రాడీపేట నుండి ఒక సోదరి పూరణ:

మనుమఁ డరుగు ముందు మాగ్నెటో పాయింట్ల
గరుకు దీసి, క్రొత్త గ్యాపు పెట్టి,
రాజదూతు ప్లగ్గు రవ్వలఁ బరికించి
తన్న లేచి నవ్వెఁ దాత మురిసి.

నా అభిప్రాయం: ఇక్కడ తన్నులు తిన్నది కిక్కురాడ్డు, అరుగుమీద కునుకు తీస్తున్న తాతగారు తన పాత రాజదూత్ బండి చప్పుడు విని లేచారు. సమస్యలోని విరోధం పూర్తిగా తొలగిపోయిన పూరణ ఇదే. ప్లగ్గును విప్పి, దాని ఒంటిని ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొడుతూ రవ్వ చూడడం మన మెకానిక్కులు మొట్టమొదట చేసే పరీక్ష. "క్రొత్త గ్యాపు" అన్న మాట దగ్గర మాత్రం ఆగాను. గ్యాపు, అంటే మాగ్నెటో పాయింట్ల మధ్య ఎడం, క్రొత్తది కాదు, ఆ బండికి మొదటినుండీ నిర్ణయించిన కొలతే. అరిగిన పాయింట్లను మళ్లీ ఆ కొలతకు తేవడమే అక్కడ జరిగే పని. "గరుకు దీసి, తగిన గ్యాపు పెట్టి" అంటే గణాలూ యతీ కుదురుతాయి.

సోదరి సమాధానం: "తగిన" అన్న మాటే సరైనది, మార్చుకుంటాను.

చివరగా ఆటోనగర్ నుండి వచ్చిన పూరణ:

పదియు నైదు నేండ్లు పందిరి నీడలోఁ
గార్బురేటరందు గట్టిజిగురు
పేరుకొన్నఁ గడిగి పెట్రోలుఁ బోయించి
తన్న లేచి నవ్వెఁ దాత మురిసి.

నా అభిప్రాయం: జిగురు అన్న సరైన మాట వాడినందుకు అభినందనలు. కానీ బండి పేరు పద్యంలో ఎక్కడా లేదు. పై పూరణలు చదవనివారికి తాత ఎవరో తెలియదు. మొదటి పాదాన్ని "పదియు నైదు నేండ్లు బండి జావా నిల్చి" అని మార్చి చూడండి. జావాలో కిక్కురాడ్డే గేరు రాడ్డు కూడా. తన్ని లేపిన కాలితోనే, ఆ రాడ్డును ముందుకు తిప్పుకొని తాతను నడిపించవచ్చు.