ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో సంగీతం గురించి అడిగితే మన పాటల గురించే చెప్పవచ్చా?

ఖమ్మం నర్సు:

అందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు భాషా పరీక్ష రాయబోతున్నాను. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం రైటింగ్‌లో 6.5, మిగిలిన మూడు విభాగాల్లో 7 చొప్పున రావాలి. మిగతా వాటి గురించి నాకు అంత దిగులు లేదు కాని, స్పీకింగ్ తలచుకుంటేనే గుండె దడ పుడుతోంది.

మా శిక్షణ కేంద్రంలో సంగీతం అనే అంశానికి ఒక నమూనా జవాబు ఇచ్చి కంఠస్థం చేయమన్నారు. నాకు జాజ్ అంటే ప్రాణమనీ, వారాంతాల్లో కచేరీలకు వెళతాననీ, పియానో నేర్చుకుంటున్నాననీ అందులో ఉంది. నేను ఇంతవరకు జాజ్ విన్నదే లేదు. పరీక్షకురాలు ‘మీకు నచ్చిన జాజ్ కళాకారుడు ఎవరు?’ అని ఒక్క ప్రశ్న వేస్తే నోట మాట రాదు. నేను నిజంగా వినేవి వేరు. మా నాన్నగారు పొద్దున్నే రేడియోలో ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని పెట్టేవారు, రాత్రి భోజనాలయ్యాక ఘంటసాల పాటలు వినేవారు. ఆ పాటలే నాకూ అలవాటయ్యాయి. ఇక బతుకమ్మ పాటలంటే, ఊహ తెలిసినప్పటి నుండి పాడుతూనే ఉన్నాను. ఇవి చెబితే మార్కులు తగ్గుతాయా? మన పాటలు ఎరుగని వారికి వీటిని ఇంగ్లీషులో ఎలా వివరించాలి? రెండు వాక్యాలు చెప్పగానే నా దగ్గర మాటలు అయిపోతున్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

విజయనగరం ఆంగ్లోపాధ్యాయుడు:

అమ్మా, ముందుగా మీ మొదటి అనుమానం తీర్చుకోండి. మీకు ఏ సంగీతం ఇష్టం అన్నదానికి ఈ పరీక్షలో మార్కులు లేవు. ధారాళంగా, పొందికగా మాట్లాడడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు అంశాలను మాత్రమే సమానంగా లెక్కించి బ్యాండు, అంటే మీకు వచ్చే స్కోరు, నిర్ణయిస్తారు. జాజ్ అన్నందుకు పెరిగేదీ లేదు, బతుకమ్మ అన్నందుకు తరిగేదీ లేదు. అయితే మీది కాని అభిరుచిని మీదిగా చెప్పుకుంటే ఆ నాలుగు అంశాల్లోనూ నష్టం జరుగుతుంది, ఎందుకంటే బట్టీపట్టిన జవాబు వల్లించే గొంతుకూ, ఆలోచించి మాట్లాడే గొంతుకూ ఉన్న తేడా పరీక్షకులకు వెంటనే తెలిసిపోతుంది. అనుమానం వచ్చిన మరుక్షణం వారు ప్రశ్నను కాస్త పక్కకు తిప్పి అడుగుతారు. అంతసేపూ గడగడ సాగిన ఇంగ్లీషు అక్కడ ఒక్కసారిగా తడబడితే, మీ అసలు స్థాయి ఆ తడబాటును బట్టే తేలుతుంది. ఆ నమూనా జవాబును ఈ రోజే పక్కన పెట్టండి.

పరీక్ష మొత్తం 11 నుండి 14 నిమిషాలు ఉంటుంది. మొదటి భాగంలో సంగీతం వస్తే, ఎలాంటి పాటలు ఇష్టం, ఎప్పుడు వింటారు, బడిలో సంగీతం నేర్పారా, చిన్నప్పటికీ ఇప్పటికీ మీ అభిరుచి మారిందా వంటి ప్రశ్నలు ఉంటాయి. వీటికి రెండు మూడు వాక్యాలు చాలు. రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు, దానితోపాటు కాగితం, పెన్సిల్ ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకొని రెండు నిమిషాల వరకు మీరొక్కరే మాట్లాడాలి. మీకు ఇష్టమైన పాట గురించో, చిన్నతనంలో విన్న పాట గురించో చెప్పమని అడిగే కార్డు అక్కడ రావచ్చు. మీరు మాటలు అయిపోతున్నాయన్నది బహుశా ఇక్కడే అనుకుంటున్నాను.

మాటలు అయిపోవడానికి కారణం మీ ఇంగ్లీషు కాదు. ‘పాట చాలా బాగుంటుంది, మనసుకు హాయిగా ఉంటుంది’ అన్న తరువాత ఏ భాషలోనైనా చెప్పడానికి ఏమీ మిగలదు. పొగడ్త ఒక్క వాక్యంతో ముగుస్తుంది, వివరం ఎంతసేపైనా సాగుతుంది. మీరు ఘంటసాల పేరు చెప్పారు కనుక, మా ఊరి నుండే ఒక ఉదాహరణ ఇస్తాను. 1919లో మా విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పారు. 1922లో పుట్టిన ఘంటసాల చిన్న వయసులో ఈ ఊరు వచ్చి, పూట గడవక ఇంటింటా మధుకరం ఎత్తుకుంటూ ఆ కళాశాలలోనే చదువుకున్నారు. మధుకరం అన్న మాటకు ఇంగ్లీషులో సమానపదం వెతుక్కుంటూ ఆగిపోవద్దు. ‘ఒక పేద విద్యార్థి జోలె పట్టుకొని ఇళ్ల ముందు నిలబడితే, ఆ ఇంటివారు వండిన అన్నం పెట్టేవారు’ అని తేలిక మాటల్లో చెప్పండి. ఆ వెంటనే, మీ నాన్నగారికి ఆయన గొంతు ఎందుకంత ఇష్టమో, పాట వస్తున్నప్పుడు ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తుండేవారో చెప్పండి. రెండు నిమిషాలు తెలియకుండానే గడిచిపోతాయి. అంతేకాదు, ఆయన జీవితం చెప్పేటప్పుడు భూతకాలం, నాన్నగారి అలవాటు చెప్పేటప్పుడు ‘యూజ్డ్ టు’, ఇప్పుడు మీరు వినడం గురించి చెప్పేటప్పుడు వర్తమానం వాటంతట అవే వచ్చి, వ్యాకరణంలో పరీక్షకులు చూసే వైవిధ్యం దొరుకుతుంది.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. మన యాస వల్ల మార్కులు పోవు. మాట స్పష్టంగా అర్థమైతే చాలు. అయితే ఈ అంశంలో పదే పదే పలకవలసిన మాట ‘మ్యూజిక్’, దాని నడుమ ఉన్న ధ్వని మన అక్షరమాలలో లేదు. మనం ‘జ’ అనో ‘స’ అనో పలుకుతాం. గొంతు మీద వేలు ఆనించి ‘స్’ అని సాగదీయండి, అదరదు. నాలుకను అక్కడే ఉంచి, తుమ్మెద ఝుంకారంలా గొంతు అదిరేట్టు పలకండి. మీకు కావలసిన ధ్వని అదే. ‘సాంగ్స్’ అన్నప్పుడు చివర వచ్చేదీ ఆ ధ్వనే.

లీడ్స్ తెలుగు నర్సు:

మాస్టారుగారు చెప్పినదంతా నిజం. నేనూ మన జిల్లాల నుండే ఈ పరీక్ష రాసి ఇక్కడికి, బ్రిటన్‌లోని లీడ్స్‌కు, వచ్చాను కనుక, లోపల ఎలా ఉంటుందో కొంత చెబుతాను. మొదటి భాగంలో మీరు వాక్యం మధ్యలో ఉండగానే పరీక్షకురాలు ఆపి తరువాతి ప్రశ్నకు వెళ్లవచ్చు. మీరు తప్పు చెప్పారని దాని అర్థం కాదు. ఆ భాగం 4, 5 నిమిషాల్లో ముగియాలి, అంతే. అలాగే వారు తల ఊపరు, బాగుందనీ అనరు. ఆ ముఖం చూసి కంగారు పడకండి.

బతుకమ్మ గురించి చెప్పడానికి వెనుకాడవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. పండుగ పేరు చెప్పి వదిలేస్తే వారికి ఏమీ బోధపడదు. తంగేడు, గునుగు పూలను పళ్లెంలో వరుసలుగా గోపురంలా పేర్చడం, దాన్ని నడుమ పెట్టి ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరచడం, ఒకామె చరణం అందుకుంటే మిగిలినవారంతా ‘ఉయ్యాలో’ అని కలపడం, ఇలా కంటికి కనిపించేది కనిపించినట్టు చెప్పండి. ఆ పాటలు ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోరు, అమ్మ వెనుక నడుస్తూ నేర్చుకుంటారు అన్న విషయం చేర్చితే, అదే అంశం మీద చర్చలా సాగే మూడో భాగానికి కూడా దారి దొరుకుతుంది.

ఇంకొక విషయం. ఈ సాధన పరీక్షతో వృథా కాదు. ఇక్కడ వార్డులో మతిమరుపుతో బాధపడే వృద్ధులతో మాట కలపడానికి పాటకు మించిన మార్గం నాకు కనిపించలేదు. ‘చిన్నప్పుడు ఏ పాటలు వినేవారు?’ అని అడిగితే, అంతవరకు పలకని మనిషి కూడా ఒక్కోసారి నోరు విప్పుతారు. వారు తిరిగి ‘మరి మీ దేశంలో ఏం పాడతారమ్మా?’ అని అడిగినప్పుడు చెప్పడానికి మన దగ్గర మన పాట ఉండాలి కదా.

హనుమకొండ అభ్యర్థి:

మొదటి రెండు భాగాల వరకు నాకూ ఇబ్బంది లేదు. మూడో భాగంలో ‘సంప్రదాయ సంగీతాన్ని కాపాడే బాధ్యత ప్రభుత్వానిదా, ప్రజలదా?’, ‘యువతకూ పెద్దలకూ సంగీతాభిరుచిలో తేడా ఎందుకు?’ వంటి ప్రశ్నలు వస్తే ఇంట్లో జరిగిన కథ చెబితే సరిపోదని విన్నాను. అక్కడ ఏం చేయాలి?

విజయనగరం ఆంగ్లోపాధ్యాయుడు:

మీరు విన్నది సరైనదే. మూడో భాగంలో ‘నేను’ నుండి ‘సమాజం’ వైపు జరగాలి. ముందు మీ అభిప్రాయం సూటిగా చెప్పండి, తరువాత కారణం చెప్పండి, అప్పుడు మీకు తెలిసిన ఉదాహరణ ఒకటి ఇవ్వండి. మీది హనుమకొండ కనుక ఒగ్గు కథ తీసుకోండి. తండ్రి నుండి కొడుక్కి వచ్చే కళ అది. కొడుకు చదువుకొని నగరంలో ఉద్యోగానికి వెళితే నేర్పడానికి ఇంట్లో మనిషి మిగలడు. ప్రభుత్వం పింఛను ఇచ్చి కళాకారుణ్ణి ఆదుకోగలదు కాని, వినేవారిని తయారు చేయలేదు అని మీరు వాదించవచ్చు. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా వాదించినా మార్కులు తగ్గవు. ప్రశ్న అర్థం కాకపోతే మరొకసారి వివరించమని మర్యాదగా అడగవచ్చు. అలా అడగడం తప్పు కాదు.

ఖమ్మం నర్సు:

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ‘చిన్నప్పటి నుండి గుర్తున్న పాట’ అన్న కార్డు పెట్టుకొని ప్రయత్నించాను. ఒక నిమిషంలో కాగితం మీద ‘నాన్న, రేడియో, పొద్దున, టీ వాసన, అర్థం తెలియదు, ఇప్పుడు తెలుసు’ అని మాత్రమే రాసుకున్నాను. అర్థం తెలియని వయసులో విన్న అన్నమాచార్య కీర్తన, నైట్ డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చాక ఇప్పుడు ఎలా వినిపిస్తోందో చెప్పుకుంటూ పోయాను. రెండు నిమిషాలు దాటింది. మధ్యలో రెండు మూడు చోట్ల మాట కోసం ఆగాను. అది ఫరవాలేదా? ‘ఐ యామ్ హియరింగ్ సాంగ్స్ డైలీ’ అన్నాను, అది సరైనదేనా?

విజయనగరం ఆంగ్లోపాధ్యాయుడు:

చాలా సంతోషం అమ్మా. మాట కోసం అక్కడక్కడ ఆగడం 7 బ్యాండుకు అడ్డు కాదు. చెప్పే విషయం తెగిపోకుండా సాగితే చాలు. ఆ వాక్యం మాత్రం సరిచేసుకోండి. మనం కావాలని వినేదానికి ‘హియర్’ కాదు, ‘లిజన్ టు’ వాడాలి, ఆ ‘టు’ను మరిచిపోకూడదు. రోజూ చేసే పని కనుక ‘ఐ లిజన్ టు సాంగ్స్ ఎవ్రీ డే’ అంటే సరిపోతుంది. మీ చిట్టీలో ‘టీ వాసన’ అన్నది నాకు బాగా నచ్చింది, దాన్ని తీసేయకండి. ఈసారి ఫోనులో రికార్డు చేసుకొని, ‘వెరీ నైస్’ అన్నది ఎన్నిసార్లు వచ్చిందో గమనించి, అది వచ్చిన ప్రతిచోటా ఒక వివరం పెట్టి మళ్లీ చెప్పి చూడండి.