రోజుకో ఫొటో మోజులో పిట్టగూట్లో ఫోన్ పెట్టేశా, తప్పు నాదా మన రూల్‌దా?

మేడమీద_మొక్కలు (సత్యనారాయణపురం, బెజవాడ)

అందరికీ నమస్తే అండీ. కొత్తగా చూసేవాళ్ళకి ముందు సంగతి చెప్తా. ఉగాది రోజు ఇక్కడ పదిమందిమి ఒక పందెం లాంటిది వేసుకున్నాం, చైత్రమాసం అయ్యేదాకా రోజుకో ప్రకృతి ఫొటో, ఇంటికి అర కిలోమీటరు దాటకూడదు, ఏ రోజుది ఆ రోజే తీయాలి, ఒకసారి పెట్టింది మళ్ళీ పెట్టకూడదు. మొదటి వారం ఇట్టే గడిచిపోయింది. వేపపూత, పక్కింటి మామిడి పిందెలు, గుడి దగ్గర రావిచెట్టు చిగురు రాగిరేకులాగా మెరుస్తుంటే అది, కుళాయి కింద నీళ్ళు తాగే గోరువంక. ఎనిమిదో రోజుకి సరుకు అయిపోయింది.

అప్పుడు దొరికింది మా మేడ మీద మనీప్లాంట్ తీగల్లో పిగిలిపిట్ట గూడు. అదే, నెత్తిన జుట్టు, తోక కింద ఎర్రగా ఉంటుంది, బుల్‌బుల్ అంటారు కదా. మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద కుంకం చల్లినట్టు ఎర్ర చుక్కలు, ఎంత ముద్దుగా ఉన్నాయో. ఎనిమిదో రోజు గూడు తీశా, తొమ్మిదో రోజు గుడ్లు దగ్గరగా, పదో రోజు తల్లి కూర్చుంటే తీశా, పదకొండో రోజు ఆకులు అడ్డొస్తున్నాయని రెండు తీగలు పక్కకి లాగి దారంతో కట్టా. మీరందరూ లైకుల మీద లైకులు కొట్టారు, నేనూ పొంగిపోయా, అబద్ధం ఎందుకు. పదమూడో రోజు పొద్దున ఆరింటికి వెళ్తే గూడు ఖాళీ. కింద పెంకు ముక్క ఒకటి. తల్లి పిట్ట డిష్ యాంటెనా మీద కూర్చుని అరుస్తోంది.

మా ఆయన, కాకి పనే, దానికి నువ్వేం చేస్తావు అన్నారు. మా అత్తగారు మాత్రం "ఎన్నిసార్లు తొంగిచూశావే" అని ఒక్క మాట అని కాఫీ కలుపుకోటానికి వెళ్ళిపోయారు. ఆ మాట రెండు రోజుల నుంచి గొంతు దిగట్లేదు. మొహమాటం లేకుండా చెప్పండి, గూళ్ళ ఫొటోలు అసలు ఆపేద్దామా? లేకపోతే రోజూ కొత్తది కావాలన్న రూల్ దగ్గరే తేడా ఉందా?

పాతలెన్స్ (పటమట)

అమ్మా, మొహమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నా, తప్పే. ఫొటో సంగతి తర్వాత, ఆ రెండు తీగలు పక్కకి కట్టావు చూడు, అది. పిట్ట ఆ గుబురు చూసుకునే అక్కడ గూడు పెట్టుకుంది, నువ్వెళ్ళి దొంగకి తలుపు తీసిపెట్టావు. కాకి సామాన్యమైంది కాదు, నువ్వు రోజూ ఒకే టైంకి వెళ్ళి ఒకే మూల వంగి చూస్తుంటే అక్కడ ఏదో ఉందని దానికి తెలియదా? పైగా నువ్వు వెళ్ళినప్పుడల్లా తల్లి లేచిపోతుంది. మార్చి ఆఖర్లో మన బెజవాడ మేడల మీద ఎండ ఎట్టా ఉంటుందో చెప్పక్కర్లేదు, తల్లి కూర్చునేది పొదగటానికే కాదు, గుడ్లకి నీడ పట్టటానికి కూడా.

ఇంకోటి చాలామందికి తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏంటో చెప్పేచోట, పక్షుల గుడ్లు పాడుచేయడంతో పాటు గుడ్లనీ గూళ్ళనీ డిస్టర్బ్ చేయడం కూడా రాసి ఉంది. తుపాకీ పట్టుకుంటేనే వేట అనుకుంటాం మనం. నేను ఫిల్ము రోజుల నుంచి తీస్తున్నా, రోలుకి 36 ఫ్రేములు, అప్పట్లో మేమూ గూళ్ళు తీశాం, ఎగ్జిబిషన్లలో గొప్పగా పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ ప్రింట్లు అటక మీద పడేశా, చూడబుద్ధి కాదు.

అరండల్‌పేట_అబ్బాయి (గుంటూరు)

బాబాయ్ గారూ మరీ చట్టాల దాకా ఎందుకండీ, అక్క ఆల్రెడీ బాధపడతా ఉంటే. పిగిలిపిట్ట అంటేనే మనుషుల మధ్య గూడు పెట్టే పిట్ట. పోయినేడు మా వరండాలో ట్యూబ్‌లైట్ పట్టీ మీద పెట్టింది, దాని కిందే మా నాన్న పేపర్ చదివేవాడు, మా చెల్లి స్కూటీ స్టార్ట్ చేసేది, రెండు పిల్లలు బ్రహ్మాండంగా ఎగిరిపోయినయ్. గూడు పోవాలంటే సవాలక్ష కారణాలు, కాకి ఉంది, జెముడుకాకి ఉంది, పిల్లి ఉంది, మనం పాపం అనుకునే ఉడుత కూడా గుడ్లు తింటది. ఒక గూడు పోయిందని మొత్తం ఫోన్ మీదకి తోసేస్తే ఎట్టా?

నా కంప్లైంట్ వేరే. ఆ అర కిలోమీటరు రూల్ తీసేయండి ముందు. అరండల్‌పేటలో అర కిలోమీటర్లో ఏముంటయ్ అండీ, కోచింగ్ సెంటర్ బోర్డులు, టిఫిన్ బండ్లు. బండేసుకుని ఉప్పలపాడు చెరువు దగ్గరికెళ్తే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లకి తోరణాలు కట్టినట్టు కూర్చోనుంటయ్, గట్టు మీద నుంచి దూరంగా తీసుకుంటే ఏ పిట్టకీ ఇబ్బంది లేదు. ఇంటి దగ్గరే తీయాలని కూర్చోబట్టే కదా అక్క పోయిపోయి గూట్లో దూరింది.

కానుగనీడ (అజిత్‌సింగ్ నగర్)

నాకు మాత్రం తేడా కొట్టేది అర కిలోమీటరు కాదు, "పెట్టింది మళ్ళీ పెట్టకూడదు" అన్న రూల్. ఉగాది రోజే అడుగుదామనుకున్నా, కొత్తవాడిని కదా అని ఊరుకున్నా.

2024 సెప్టెంబరులో బుడమేరు మా మీద పడ్డప్పుడు వీధిలో రోజుల తరబడి నీళ్ళు. ఆ తర్వాత మా లైన్లో మునగచెట్లు, బొప్పాయిలు ఒక్కటి మిగల్లేదు, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే వాటికి పడదు. గేటు ముందున్న కానుగ మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడింది. అప్పట్నుంచి నాకు దాని మీద గురి. పొద్దున పాల ప్యాకెట్‌కి వెళ్ళేటప్పుడు గేటు ఊచకి ఫోన్ ఆనించి ఒకే కొమ్మ, ఒకే చోట నుంచి తీస్తా. ఫిబ్రవరి ఆఖర్లో ఆకు మొత్తం రాల్చేసి మోడయ్యేసరికి మా ఓనరుగారు ఎండిపోయింది కొట్టించేద్దాం అన్నారు, పోయినేడు ఫొటోలు చూపించా, ఇదే టైంకి ఇట్టాగే ఉంది చూడండి, తర్వాత వారం ఇదీ, ఆ తర్వాత ఇదీ అని. ఆగారు. తర్వాత చిగురొచ్చింది, ముందు కాస్త ఎర్రగా, ఆ తర్వాత నూనె రాసినట్టు నిగనిగలాడే లేతాకుపచ్చ, ఆ మెరుపు ఎక్కువ రోజులు ఉండదు, కళ్ళముందే ముదిరిపోద్ది. అది తెలియాలంటే రోజూ దాన్నే తీయాలి. మన రూల్ ప్రకారం మాత్రం నా కానుగ ఒక్క రోజుకే చెల్లుద్ది, మిగతా 29 రోజులు నేను పిట్టల వెంట పడాలి.

చెట్లని గమనించటానికి సీజన్‌వాచ్ అని దేశమంతా నడుస్తోంది, ఒక చెట్టు ఎంచుకుని వారానికోసారి చూసి చిగురెంత, పూతెంత, కాయెంత అని రాయమంటారు. వేరే వేరే చెట్లు కాదు, అదే చెట్టు. జపాన్‌లో క్యోటో ఊళ్ళో చెర్రీ పూసిన తేదీలు 9వ శతాబ్దం నుంచీ దొరుకుతాయి, అందుకే ఇప్పుడు ముందే పూసేస్తోందని గట్టిగా చెప్పగలుగుతున్నారు. మన దగ్గర వేప ఏ ఏడు ఎప్పుడు పూసిందో ఎవరైనా రాసిపెట్టారా? ఉగాది పచ్చడికి పూత దొరికిన ఏడు, మార్కెట్లో కొనుక్కున్న ఏడు, మా అమ్మకి అంతే లెక్క.

బ్యాటరీ_లో (భవానీపురం)

అన్నా ఏమనుకోకు, రోజూ ఒకే కొమ్మ పెడితే మూడో రోజు నుంచి ఎవరూ ఓపెన్ కూడా చేయరు, నేనైతే చెయ్యను. నేను మంచం దిగేదే ఆ వరస తెగిపోద్దేమో అన్న భయంతో. రోజూ కొత్తది అన్న రూల్ వల్లే ఐదున్నరకి లేచి నాలుగు రోజులు కోయిల కోసం తిరిగా, వినపడుద్ది కానీ కనపడదు కదా, చివరికి చింతచెట్టులో దొరికింది, నల్లగా నిగనిగలాడుతూ ఎర్రటి కళ్ళు. తీరా చూస్తే అది మగదంట, కుహూ అని పాడేది మగదే అంట, ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటది, కిక్ కిక్ కిక్ అని అరుస్తది అంతే. ఇన్నాళ్ళూ కోయిలమ్మ కోయిలమ్మ అని మనం ఎవర్ని పొగిడాం?? ఈ రూల్ లేకపోతే చచ్చినా చూసేవాడిని కాదు.

ఇంకా కాకిని తిడుతున్నారు కానీ ఆ కోయిల గుడ్లు పెట్టేది కాకి గూట్లోనే, దాని కష్టాలు దానికున్నయ్. దమ్ముంటే కాకి గూడు దగ్గరికెళ్ళి రోజూ ఫొటో తీయండి, నెత్తి మీద తన్నుద్ది, రెండో రోజు మీరే మానేస్తారు. పిగిలిపిట్ట పాపం యాంటెనా ఎక్కి అరవడం తప్ప ఏం చేస్తది.

పాతలెన్స్ (పటమట)

అరండల్‌పేట బాబూ, నీ ట్యూబ్‌లైట్ పిట్ట సంగతి చెప్పావు కాబట్టి. మీ నాన్నగారు పేపర్ చదువుతున్నారని చూసుకునే అది అక్కడ పెట్టింది, ఆయన అలవాటైన మనిషి, దాని వైపు తలెత్తి చూడడు. వచ్చి, ఆగి, వంగి, మొహంలో మొహం పెట్టేవాడు వేరు. దారిన పోయేవాడికీ నీ ఇంటి ముందు ఆగి కిటికీలోకి చూసేవాడికీ తేడా నీకు తెలియదా?

ఇంకో మాట, ఇది అందరికీ. మొన్న ఒకాయన కొబ్బరిచెట్టు తొర్రలో రామచిలక పిల్లలు అని పెట్టాడు, వెనకాల వాటర్ ట్యాంకు, పక్క షాపు బోర్డు అన్నీ పడ్డాయి. పిల్లల్ని పట్టి పంజరంలో అమ్ముకునేవాడికి ఇంకేం కావాలి? రాష్ట్రపక్షి అని పేరే కానీ అమ్మకాలు ఆగాయా. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫొటోలోపలే ఆ చోటు రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది పోతుంది, క్లారిటీ తగ్గుద్దని డాక్యుమెంటుగా పంపుతారు చూడు, అప్పుడు అడ్రసుతో సహా వెళ్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆపేసుకోండి, ఒక నిమిషం పని.

అరండల్‌పేట_అబ్బాయి (గుంటూరు)

కిటికీ మాట ఒప్పుకుంటున్నా బాబాయ్. లొకేషన్ కూడా ఇప్పుడే ఆపేశా. కానీ కాకి అక్కని చూసే వచ్చింది అనేది మాత్రం ఒప్పుకోను, మీరెవరూ చూడలా. అక్కా నువ్వు ఆ మాట పట్టుకుని నిద్ర పాడుచేసుకోబాక.

ఉప్పలపాడు సంగతి ఎవరూ మాట్లాడలేదు. గమనించా.

మేడమీద_మొక్కలు (సత్యనారాయణపురం, బెజవాడ)

అందరికీ థాంక్స్ అండీ. పాతలెన్స్ గారూ, మీరన్నది గట్టిగా తగిలింది కానీ నిజమే, ఆ దారం ఇంకా అట్టాగే ఉంటే నిన్న సాయంత్రం కత్తిరించి తీగలు మళ్ళీ సర్దా. ఇప్పుడేం లాభం అనుకోండి. తమ్ముడూ, కాకే అయ్యుండొచ్చు, ఉడుతే అయ్యుండొచ్చు, నేను తీగలు కట్టకపోతే దానికి కనపడేదా అన్నదే నా బాధ, దానికి నీ దగ్గరా జవాబు లేదు కదా.

నేనైతే ఇట్టా అనుకుంటున్నా. గూళ్ళు, గుడ్లు, పిల్లలు వద్దు, ఎవరు పెట్టినా లైక్ కొట్టం. "మళ్ళీ పెట్టకూడదు" తీసేద్దాం, కానుగనీడ గారి కొమ్మ 30 రోజులూ చెల్లుతుంది, బ్యాటరీ బాబు ఓపెన్ చేయకపోతే నేను చేస్తా. రోజూ అన్నది ఉండనిద్దాం, అది లేకపోతే నేనూ మేడ ఎక్కను. అర కిలోమీటరు కూడా ఉండాలి, సారీ తమ్ముడూ, ఉప్పలపాడు ఆదివారం వెళ్ళి వేరే పెట్టు, అందరం చూస్తాం.

ఒక డౌట్. మీ మాట విని మా సందు చివర కానుగ దగ్గరికెళ్ళా. ఆకుల మీద చిన్న చిన్న వేళ్ళలాగా పచ్చగా లేచి ఉన్నాయి, కాయలా అవి? ఫొటో తీస్తే మసకగా వచ్చింది.

కానుగనీడ (అజిత్‌సింగ్ నగర్)

కాయలు కావండీ, బుడిపెలు. కంటికి కనపడని నల్లి లాంటి పురుగు ఉంటుంది, అది ఆకుని కుడితే ఆకే దాని చుట్టూ అట్టా పెరిగి దానికి ఇల్లు కట్టిపెడుతుంది. కానుగకి ఇది మామూలే, చెట్టుకి ఏం కాదు, మందు కొట్టబాకండి. ఫోన్ మరీ దగ్గరికి పెడితే ఫోకస్ పట్టదు, జానెడు వెనక్కొచ్చి 2ఎక్స్ పెట్టండి. ఈ గూట్లోకి ఎంతసేపు తొంగిచూసినా ఎవరూ ఏమనరు.

అరండల్‌పేట_అబ్బాయి (గుంటూరు)

సరే, మెజారిటీ మీది. అయితే అడుగుతున్నా, మా టిఫిన్ బండి వెనక గోడలో పైపు పక్కన రావిమొక్క ఒకటి మొలిచింది, రెండాకులు, పొద్దున ఇడ్లీ ఆవిరి తగిలితే నీళ్ళ చుక్కలు పట్టి ఉంటది. అది లెక్కలోకి వచ్చుద్దా?

పాతలెన్స్ (పటమట)

వచ్చుద్ది. ఆ గోడ వాళ్ళు పీకేసేలోపు తియ్, పొద్దున్నే.