అప్‌డేట్: అమ్మ దవడ ఎముక ఇప్పుడెలా ఉందంటే

రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకిందని అమ్మకి జోలెడ్రానిక్ యాసిడ్ (ఎముకలు దెబ్బతినకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఇస్తున్నారనీ, పన్ను తీయించిన చోటు మానకుండా ఎముక బయటికి కనిపిస్తోందనీ ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఓరల్ సర్జన్ చూసి, మందుల వల్ల వచ్చిన దవడ ఎముక నెక్రోసిస్సే (ఎముక చచ్చిపోవడం) అన్నారు. 8 వారాలు దాటినా ఎముక కనిపిస్తూనే ఉంది, దవడకి రేడియేషన్ ఎప్పుడూ ఇవ్వలేదు కదా, అందుకని. నొప్పి, చీము ఉన్నాయి కాబట్టి ఈ దవడ సమస్యలో రెండో స్టేజ్. యాంటీబయాటిక్స్, 0.12% క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింతలు ఇచ్చారు. ఎముక అంచు నాలుకకి గరుగ్గా గీసుకుని అమ్మ ముద్ద మింగడానికే అల్లాడిపోయేది. దాన్ని అరగదీసి నున్నగా చేశాక ప్రాణం లేచొచ్చింది. తర్వాత చచ్చిన ముక్క వదులైతే తీసేశారు. ఇప్పుడు చిగురు మూసుకుంటోంది.

ఇంజెక్షన్ సంగతి ఆంకాలజిస్టూ సర్జనూ మాట్లాడుకుని ప్రస్తుతానికి ఆపారు. ఈ మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఆపగానే రిస్క్ పోదు. ఆస్టియోపోరోసిస్‌కి (ఎముకలు గుల్లబారే జబ్బు) డెనోసుమాబ్ అనే ఇలాంటి ఇంకో ఇంజెక్షన్ వాడేవాళ్లు మాత్రం దయచేసి సొంతంగా ఆపకండి, డోసు బాగా ఆలస్యమైతే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. అలాగని ఆ జబ్బుకి మందులు వాడుతున్నవాళ్లు హడలిపోనక్కర్లేదు, క్యాన్సర్ డోసులతో పోలిస్తే వాళ్లకి ఈ దవడ ముప్పు చాలా తక్కువ.

ఇంట్లో ఎవరికైనా ఈ మందులు మొదలుపెడుతుంటే ముందే డెంటిస్ట్‌కి చూపించండి. తీయాల్సిన పళ్లుంటే తీయించి, పుండు మానాక మొదలుపెట్టొచ్చేమో డాక్టర్‌ని అడగండి. కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్నా సరిచేయించండి, ఆ పుండు నుంచీ ఇది రావచ్చు.