అప్‌డేట్: విమ్ టెక్స్ట్ ఎడిటర్‌లో చైనీస్-ఇంగ్లీష్ కలిసిన పేరాలు సరిగా విరగకపోవడం (పరిష్కారం దొరికింది)

అసలు ప్రశ్న ఇది: టెక్స్ట్‌విడ్త్ (లైను గరిష్ఠ వెడల్పు) 72 పెట్టి జీక్యూ (పేరాను ఆ వెడల్పుకు సర్దే కమాండ్) కొడితే ఇంగ్లీష్ పదాల పక్కనున్న ఖాళీల దగ్గరే లైన్ విరుగుతోంది, మధ్యలోని చైనీస్ వాక్యం మాత్రం ఎంత పొడవున్నా అలాగే ఉంటోంది. కారణం, చైనీస్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు. విమ్ వెతికేది ఖాళీనే.

ఫార్మాట్‌ఆప్షన్స్‌కి (లైన్లు ఎలా విరగాలో, కలవాలో చెప్పే సెట్టింగ్) చిన్న 'ఎం' కలిపితే పని జరుగుతుంది. యూనికోడ్ విలువ (ప్రతి అక్షరానికీ ఉండే సంఖ్య) 255 దాటిన ఏ అక్షరం దగ్గరైనా అప్పుడు విరుగుతుంది. ఒక్కో చైనీస్ అక్షరం రెండు గళ్లు తీసుకుంటుంది కాబట్టి 72 అంటే లైనుకు 36 అక్షరాలే. కామా, పూర్ణవిరామం లైను మొదట్లో పడకూడదన్న నియమం ఉంది కాబట్టి, వాటిని విమ్ 72 హద్దు దాటి వేలాడనిస్తుంది. హద్దు కచ్చితంగా కావాలంటే ']' కూడా కలపండి (విమ్ 9.0లో ఉంది, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే పనిచేస్తుంది).

లైన్లు కలిపేటప్పుడు చైనీస్ అక్షరాల మధ్య అనవసరపు ఖాళీ రాకుండా పెద్ద 'బి' చాలు. పెద్ద 'ఎం' పెడితే ఇంగ్లీష్-చైనీస్ మధ్య ఖాళీ కూడా పోతుంది, నాకది నచ్చలేదు.

మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడుంది. తెలుగు అక్షరాలూ 255 దాటినవే! చిన్న 'ఎం' ఉంటే తెలుగు పదం నడిమధ్యలో విరుగుతుంది. 'బి' ఉంటే రెండు లైన్ల చివరి, మొదటి పదాలు అతుక్కుపోతాయి. అందుకే వీటిని విమ్‌ఆర్‌సీలో (విమ్ సెట్టింగ్‌ల ఫైలు) అన్ని ఫైళ్లకూ కలిపి పెట్టకుండా, చైనీస్ ఫైళ్లకే సెట్‌లోకల్‌తో (ఆ ఫైలుకే వర్తించే కమాండ్) ఇవ్వండి.

తెరమీద మడతకు (ఫైలు మారకుండా, చూపులో మాత్రమే లైన్ విరగడానికి) మాత్రం లైన్‌బ్రేక్ (పదం మధ్యలో మడవకుండా చూసే సెట్టింగ్) ఆపేయడమే మేలు. బ్రేక్‌ఎట్ (ఎక్కడ మడవొచ్చో చెప్పే గుర్తుల జాబితా) ఆస్కీ (సాధారణ ఇంగ్లీష్ కీబోర్డు) గుర్తులనే చూస్తుంది, దాంతో చైనీస్ ముక్క మొత్తం కిందికి జారి కుడివైపు పెద్ద ఖాళీ మిగులుతుంది.