డీజిల్‌లో నీరు ఉందో లేదో బంకులోనే తెలుసుకోవడం ఎలా?

మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమాటాలు చేరవేసే బీఎస్-6 డీజిల్ పికప్ మాది. ఈమధ్య వర్షాల తర్వాత దారిలో ఒక బంకులో డీజిల్ పోయించిన కొద్దిసేపటికే, ఫిల్టర్‌లో నీరు చేరిందని తెలిపే లైటు వెలిగి, బండి లాగడం తగ్గిపోయింది. మెకానిక్ ఫిల్టర్ నుంచి నీరు తీసేశారు కానీ నా భయం తీరలేదు. మా బండిలో ఉన్నటువంటి కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే) ఇంజిన్లలో వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో పనిచేసే పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే కందెన కాబట్టి, నీరు చేరితే అవి అరిగిపోతాయి, తుప్పు పడతాయి. ఆ ఖర్చు మాలాంటివారికి చాలా పెద్దది.

బంకులో సాంద్రత పరీక్ష చేయించమని అడగవచ్చనీ, 15 డిగ్రీల సెల్సియస్‌కు సరిచూసిన విలువకూ బంకు రికార్డులోని విలువకూ ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదనీ నాకు తెలుసు. అయితే కొద్దిపాటి నీరు ఆ పరీక్షకు చిక్కుతుందా, లేక గాజు సీసాలో కొంత డీజిల్ పట్టించి, తేరనిచ్చి చూడడమే మేలా? ట్యాంకర్ సరుకు దించిన తర్వాత బంకు ట్యాంకులో అడుగు మడ్డి సర్దుకునేందుకు ఎంతసేపు ఆగాలి? విడిగా వాటర్ సెపరేటర్ (డీజిల్ నుంచి నీటిని వేరుచేసే పరికరం) బిగించుకున్నవారు ఉంటే, దానివల్ల వారంటీకి ఇబ్బంది వచ్చిందో లేదో దయచేసి తెలియజేయగలరు.