కోణాకార బురుజుకు ఆద్యుడు ఎవరు: ఫ్రాంచెస్కో ది జోర్జోనా, సంగాల్లో సోదరులా?

రాతిపని:
ఇటలీలోని మార్కే ప్రాంతంలో, దాన్ని ఆనుకొన్న మోంతెఫెల్త్రోలో, ఉర్బీనో ప్రభువు ఫెదెరీగో కొలువులో ఉంటూ ఫ్రాంచెస్కో ది జోర్జో మార్తీనీ (1439–1501) కట్టిన కోటలనే ఫిరంగి కాలపు దుర్గాలకు పునాది అంటుంటారు. నేను ఒప్పుకోను. సస్సోకోర్వారో కోట తాబేలు ఆకారంలో ఉంటుంది, గోడలన్నీ వంపులే. కాల్యి కోటలో మిగిలినది అండాకారపు బురుజు. వంపు గోడ ఫిరంగి గుండును పక్కకు జార్చేస్తుంది, నిజమే. మరి గోడ పాదం దగ్గరికి చేరినవాణ్ణి కొట్టేదెలా? కోణాకార బురుజులతో దానికి జవాబు చెప్పింది ఇటలీ వాస్తుశిల్పులైన సంగాల్లో సోదరులు: 1488లో మొదలైన పోజ్జో ఇంపెరియాలే కోటతో జులియానో, 1501–03 నాటి నెత్తూనో కోటతో ఆంతోనియో.

కొలబద్ద:
లెక్క వేసి చూస్తే రాతిపని గారి మాట ఇంకా బలపడుతుంది. 12 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి బురుజు తీసుకోండి. అటూ ఇటూ ఉన్న బురుజుల నుంచి దీని ఒంటిని రాసుకుంటూ పోయేలా రెండు కాల్పుల గీతలు గీయండి. అవి లంబకోణంలో కలిస్తే, కలిసే చోటు గోడకు దాదాపు 2.5 మీటర్లు ముందుంటుంది. గీతలకూ గోడకూ మధ్య సుమారు 7.7 చదరపు మీటర్ల నేలకు ఏ గుండూ తగలదు. 60 డిగ్రీల్లో కలిస్తే ఆ చాటు 25 చదరపు మీటర్ల దాకా పెరుగుతుంది. పలుగులు పట్టినవాళ్లు నిశ్చింతగా పునాది తవ్వుకోవచ్చు. పైనుంచి రాళ్లు దొర్లిద్దామంటే గోడ తల ముందుకు పొడుచుకొచ్చి, దానికి కంతలుండాలి. ఫిరంగులు ముందుగా కూల్చేది ఆ తలనే.

ఆ చాటు నేలను కూడా కట్టడంలో కలిపేసుకుంటే వచ్చేదే కోణాకార బురుజు. దాని రెండు ముఖాలూ ఆ రెండు గీతలే.

ఫిరంగిమందు:
ఆ చాటు సంగతి ఫ్రాంచెస్కోకు తెలియదనడం అన్యాయం! 1495 నవంబరులో నేపుల్స్‌లో ఫ్రెంచి దళం చేతిలో ఉన్న కాస్తెల్ నువోవో కిందికి సొరంగం తవ్వి, మందు దట్టించి పేల్చిన పని వెనక ఉన్నది ఆయనే. బలం గోడ మందంలో కన్నా కోట నక్షాలో ఉంటుందని తన గ్రంథంలో రాశాడు. కందకం అడుగున పొట్టి కప్పుగది కట్టి, దాని కంతల్లోంచి గోడ పాదం వెంబడి కాల్చే ఏర్పాటునూ వివరించాడు. దాన్ని కపన్నాతో అంటారు. అలాంటి గదికి పొగ గొట్టం తప్పనిసరి. లేకపోతే నాలుగు గుళ్లు పేల్చేసరికి లోపలివాళ్లకు కళ్లు కనిపించవు, ఊపిరాడదు. ఇక ఆయన తీర్చిన సాన్ లేయో కోటలో రెండు గుండ్రటి బురుజుల మధ్య గోడ తిన్నగా ఉండదు, ముక్కులా ముందుకు పొడుచుకొస్తుంది. కోణం ఆలోచన అక్కడే మొదలైంది.

రాతిపని:
సాన్ లేయోను కాపాడింది నిలువు కొండ, ముక్కు గోడ కాదు. 1502లో ఉర్బీనోను ఆక్రమించిన చెజారే బోర్జియా దళం దాన్ని పోగొట్టుకొన్నది మోసం వల్ల. 1516లో ఫ్లోరెన్సు పాలకులైన మెడిచి వంశం సైన్యం కొండ చరియ ఎగబాకి పట్టుకొంది. రెండుసార్లూ ఫిరంగికీ గోడకూ అసలు పోటీ పడలేదు. ఇక కాల్యి కొండ మీది కోటను 1502లో ఫెదెరీగో కొడుకు గ్విదోబాల్దో తానే కూలగొట్టించాడు, బోర్జియా చేతికి చిక్కకూడదని.

ఫిరంగిమందు:
పరీక్ష జరగకపోతే ఓడినట్టు కాదు కదా. పక్క నుంచి కాల్చి గోడ పాదాన్ని కాపాడాలన్న సూత్రం ఆయనదే అంటాను.

కొలబద్ద:
సూత్రం ఒక్కటే చాలదు, ఫిరంగికి చోటు కావాలి. 12 మీటర్ల బురుజుకు చుట్టూ 3 మీటర్ల గోడ పోతే లోపల మిగిలేది 6 మీటర్లు. పేలగానే ఫిరంగి వెనక్కి తంతుంది, దాన్ని లాగి, గొట్టం తుడిచి, మళ్లీ మందు నింపాలి. రెండు ఫిరంగులు పెడితే మనుషులకు నిలబడే జాగా ఉండదు. నెత్తూనో కోట నాలుగు మూలలా కోణాకార బురుజులే. వాటి భుజం గుండ్రంగా ముందుకు పొంగి, పక్క గోడలోని ఫిరంగిని ఎదుటి ఫిరంగుల కంటపడనివ్వదు. తెరలాంటి ఆ భుజం, వెనక చోటు, చాటు లేని ముఖాలు, ఈ మూడూ ఒకే కట్టడంలో కుదిరినందుకే నా ఓటు ఆంతోనియోకు.